లేదని చెప్పకూడని బల్ల

ఆగస్టు 6

ఈరోజు నుంచి స్కెచ్ పెన్నుతో రాస్తున్నాను. బాల్ పెన్ను పట్టుకుంటే వేలు నొప్పి పుడుతోంది. నల్ల స్కెచ్ పెన్ను, గీతల్లేని పొడుగు నోటు పుస్తకం. పేజీకి నాలుగు ముక్కలు కూడా పట్టడం లేదు. పట్టకపోతే పోనీ, నేనేమైనా అచ్చు వేయిస్తున్నానా.

ఆగస్టు 7

వేలు నొప్పి అబద్ధం. ఎవరూ చూడని పుస్తకంలో కూడా అబద్ధం రాసుకోవడమేమిటి, సిగ్గు లేకపోతే సరి.

సోమవారం విజయవాడ వెళ్ళాను. మా ఆయన విల్సన్‌కీ, లైబ్రరీలోనూ మీటింగు ఉందని చెప్పాను. కళ్ళ డాక్టరమ్మ చాలాసేపు చూసింది, ఏవేవో పరీక్షలు చేయించింది, చివరికి నీటికాసులు, అదే గ్లాకోమా, అంది. ఎడమ కన్ను దాదాపు పోయిందట. కుడి కన్ను గొట్టంలోంచి చూసినట్టు మధ్యలో మాత్రం మిగిలిందట. పోయింది ఎలాగూ తిరిగి రాదు, ఉన్నది ఆపరేషనుతో నిలబెట్టుకోవచ్చు, ఈలోపు రోజూ చుక్కలు వేసుకోండి అంది. కొన్నాళ్ళు ఆగవచ్చా అని అడిగాను. "ఆలోచించుకునే టైము మీకు లేదండీ" అంది, పిల్ల నా కూతురి వయసుది.

చుక్కల సీసా టిఫిను సంచి అడుగున దాచాను. ఆపరేషనంటే సెలవు. సెలవంటే కారణం రాయాలి. కారణం రాశాక బందరు లైబ్రరీ రిఫరెన్సు హాల్లో నన్నెవరు కూర్చోనిస్తారు. దీపావళి వెళ్ళాక చూద్దాం. విల్సన్‌తో అద్దాలు మార్చాలన్నారని చెప్పాను.

భయంగా ఉంది. ఇది మాత్రం నిజం.

ఆగస్టు 13

వెలుతురు ఉండగానే రాయాలి. అందుకని భోజనాల వేళ హాలు వెనక కిటికీ దగ్గర కూర్చున్నాను.

పొద్దున కరెంటు పోయింది. ఇన్వర్టరు కూడా పనిచేయలేదు. మబ్బు పట్టి ఉంది, పైగా మా హాలుకి ఉన్న కిటికీలు సగం బీరువాల వెనకే. గుడివాడ నుంచి వచ్చిన కాలేజీ మాస్టారు ఒకాయన పోర్టు నివేదికలు కావాలన్నారు. అందరూ ఎక్కడివాళ్ళు అక్కడ ఆగిపోయారు. నేను లేచి వెళ్ళి సంపుటం తీసుకొచ్చి ఆయన ముందు పెట్టాను.

అటెండరు అప్పారావు, "మీకు చీకట్లో కూడా కనపడుద్దామ్మా" అని నవ్వాడు. మాస్టారు కూడా నవ్వారు. నేను పోయి నా కుర్చీలో కూర్చున్నాను.

మా నాన్న నాగాయలంక దగ్గర పల్లెలో పాస్టరు. ఆయనకీ ఇదే జబ్బు. చూపు పోయాక కూడా చాలాకాలం ప్రతి ఆరాధనలోనూ వాక్యం చదివాడు. కంఠతా వచ్చు, పేజీ తిప్పవలసిన చోట తిప్పేవాడు, ఎవరికీ అనుమానం రాలేదు. ఒకరోజు సాయంత్రం ప్రార్థనలో కరెంటు పోయింది. గుడంతా చీకటి. ఆయన ఆగలేదు. చదువుతూనే ఉన్నాడు, పేజీ తిప్పిన చప్పుడు కూడా వినపడింది. ముందు వరసలో మా అమ్మ నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందో ఇప్పటికీ గుర్తు. లాంతరు వెలిగించేసరికి అందరూ ఆయన్నే చూస్తున్నారు, ఆయనకి మాత్రం ఎవరూ కనపడటం లేదు. తర్వాతి నెలలో కొత్త పాస్టరు వచ్చాడు. నాన్న బతికినన్నాళ్ళూ వసారాలో నవారు మంచం మీద కూర్చున్నాడు. ఇంటికి వచ్చినవాళ్ళు ఆయన ముందే ఆయన గురించి మాట్లాడుకునేవాళ్ళు.

నేను అలా కూర్చోలేను.

ఆగస్టు 20

నా హాలు సంగతి రాస్తాను. రాస్తుంటే కాస్త ధైర్యంగా ఉంటుంది.

రిఫరెన్సు పుస్తకం ఇంటికి ఇవ్వం. ఇక్కడే కూర్చుని చూసుకోవాలి. నిఘంటువులు, గెజిటీర్లు, జనాభా లెక్కలు, పాత నివేదికలు. రూలు ప్రకారం వీటిని నంబరు వరసలో పెట్టాలి. నేను చేరినప్పుడు అలాగే ఉండేవి. ఏళ్ళ తరబడి కొంచెం కొంచెంగా మార్చాను. పరిశోధన చేసేవాడికి నంబరెందుకు, వాడి పని వాడికి కావాలి. పెడన బట్టల అద్దకం మీద వచ్చినవాడికి అద్దకం గురించినవన్నీ ఒకచోట ఉండాలి. అందుకని అద్దకం బీరువా, రేవు బీరువా, మిషను బీరువా, ఉప్పెన బీరువా అని పెట్టుకున్నాను. వచ్చినవాళ్ళంతా మెచ్చుకున్నారు.

ప్రతి పుస్తకమూ నా చేతికి తెలుసు. పోర్టు నివేదికల్లో అడుగు వరస ఉప్పెన నీళ్ళు తాగి ఉబ్బిపోయింది. ఉప్పెన సంపుటం, అంటే ఆ రోజుల ఫొటోలూ పత్రికల ముక్కలూ కలిపి మా లైబ్రరీ వాళ్ళే కుట్టించింది, ముతక ఖాకీ గుడ్డ అట్ట, ఒక మూల చిరిగింది. అద్దకం నమూనాల సంపుటంలో పేజీ పేజీకీ గుడ్డముక్కలు అంటించి ఉంటాయి, పెళ్ళిభోజనం చేసొచ్చినవాడి పొట్టలా ఉంటుంది.

నన్ను ఈ బల్ల దగ్గర కూర్చోబెట్టింది అప్పటి పెద్ద లైబ్రేరియన్ ఈశ్వరరావు గారు. మొదటి రోజే చెప్పారు: "చూడమ్మా, ఇక్కడ కూర్చుని వెతుకుతానండి అనొచ్చు. రేపు రండి అనొచ్చు. బీరువా అంతా చేత్తో తడిమి చూడకుండా లేదని మాత్రం అనకూడదు. మనం లేదన్నామంటే వాళ్ళు ఇంకెక్కడా వెతకరు." ఆయన పోయారు. మాట మాత్రం ఈ బల్లకి అంటుకుని ఉంది.

ఆగస్టు 28

చుక్కలు వేసుకోవడం రెండు మూడు సార్లు మర్చిపోయాను. చూపులో తేడా ఏమీ లేదు.

సెప్టెంబరు 3

కొత్త లైబ్రేరియన్ వచ్చారు. నాగేంద్రబాబు గారు. నలభై ఉంటాయేమో. మర్యాదస్తుడు. అదే నా ఖర్మ. దబాయించే మనిషైతే ఎదురు చెప్పేదాన్ని.

రిఫరెన్సు మొత్తం మళ్ళీ నంబరు వరసలోకి రావాలట. ఇక్కడి చరిత్రకి సంబంధించినవన్నీ పరిశోధకుల కోసం వేరే విభాగం. చిరిగినవన్నీ బైండింగుకి. ఏ పుస్తకం ఏ వరసలో ఉందో కంప్యూటరులో కొడితే రావాలి.

నేను పెట్టిన పద్ధతి పరిశోధకులకి బాగా అలవాటైందండీ అన్నాను.

"ఎలీసబెతు గారూ, తప్పుగా అనుకోకండి. మీరు కిందటి నెల విజయవాడ మీటింగుకని వెళ్ళినప్పుడు వచ్చినవాళ్ళకి ఒక్క పుస్తకం దొరకలేదంటండీ. అందరూ ఉత్తచేతులతో పోయారంట. ఎక్కడేముందో మీకు తప్ప ఎవరికీ తెలియట్లేదు."

ఆయన అప్పటికి చేరనే లేదు, ఎవరు చెప్పారో. నేను సెలవు పెట్టనుగదండీ అన్నాను. ఆయన నవ్వి, "మనుషులం గదండీ, ఎప్పుడో ఒకప్పుడు పెడతాం" అన్నారు. ఆ మీటింగు ఎక్కడ జరిగిందని అడగలేదు.

ఆయన చెప్పినదాంట్లో తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు.

సెప్టెంబరు 17

బైండరు మనుషులు వచ్చి ఆటోలో వేసుకుని పోయారు.

సెప్టెంబరు 18

ఖాళీ బీరువాలు. ఉన్న కొద్ది చూపుకీ అవి మాత్రం బాగా కనపడుతున్నాయి.

అక్టోబరు 8

వచ్చాయి. అన్నీ ఒకే రంగు, మెరూన్ రెక్సిన్. వీపు మీద బంగారు అక్షరాలు, కింద నంబరు చీటీ. ఉబ్బినవాటిని ప్రెస్సులో పెట్టి అణిచారట. చుట్టుపక్కల అంచులు కోసి సమం చేశారట. నాగేంద్రబాబు గారు మురిసిపోతున్నారు. నిజంగానే అందంగా ఉండి ఉంటాయి.

నేను చెయ్యి పెట్టి చూశాను. పక్కది. దాని పక్కది. అన్నీ ఒకటే. నున్నగా, చల్లగా, ఒకే మందం అట్టలు. గుర్తుపట్టడానికి ఒక్క చిరుగు లేదు. నాకు ఏడుపొచ్చింది. అప్పారావు చూస్తాడని బంక వాసనకి కళ్ళు మండుతున్నాయన్నాను.

అక్టోబరు 14

హాలు తెరవకముందే వెళ్తున్నాను. పుస్తకాల వీపుల మీద ముఖం ఆన్చి ఒక్కొక్కటే చదువుతున్నాను. అక్షరం దొరుకుతోంది, మాట దొరకడం లేదు. మాట కూడబలుక్కునేసరికి పక్కదాని సంగతి మర్చిపోతున్నాను. కొత్త వరస బట్టీ పట్టాలని నా ఆలోచన. నాన్నలాగా.

ఇవాళ అప్పారావు ముందే వచ్చాడు. "ఏంటమ్మా పుస్తకాలు వాసన చూస్తన్నారు?"

"బంక సరిగ్గా ఆరిందో లేదో చూస్తున్నా."

"ఆరిందమ్మా. చెదపురుగుల మందు కూడా కలిపారు, మరీ దగ్గరకెట్టి పీల్చమాకండి."

వాడు మంచివాడే. వాడు నమ్మాడో లేదో నాకు తెలియలేదు. ముఖాలు సరిగ్గా అందడం లేదు ఈమధ్య, సగం ముఖమే కనపడుతుంది.

అక్టోబరు 21

ఇవాళ వీరమ్మ అని ఒకావిడ వచ్చింది. దివిసీమ మనిషి, నాగాయలంక అవతల పల్లె. మా నాన్న పేరు చెబితే గుర్తుపట్టేదేమో, చెప్పలేదు. చదువు రాదు. బస్సు దిగి మనిషి మనిషినీ అడుక్కుంటూ వచ్చిందట.

"ఉప్పెనప్పుడు పునరావాసం క్యాంపులో పొటోలు తీశారంటమ్మా. మా మేనల్లుడు కాలేజీలో ఉండగా ఇక్కడ పుస్తకంలో చూశాడంట. మా అమ్మలాగుందని చెప్పాడు. మా అమ్మది ఒక్క పొటో కూడా లేదమ్మా నా దగ్గర. ముఖం మర్చిపోతన్నాను. ఒక్కసారి చూసి పోతా."

ఖాకీ గుడ్డ అట్ట, మూల చిరిగింది. పాత బీరువా అయితే కళ్ళు మూసుకుని తెచ్చేదాన్ని. కొత్త విభాగానికి వెళ్ళాను. మెరూన్ గోడ. బయట వాన, లోపల వెలుతురు లేదు. ఆవిడ నా వెనకే నిలబడింది, తడిసిన చీర వాసన వస్తోంది. నాగేంద్రబాబు గారు పక్క బల్ల దగ్గర ఎవరితోనో మాట్లాడుతున్నారు. ముఖం ఆన్చి వెతకడానికి లేదు. రెండు మూడు తీశాను. అవి కావు.

లేదమ్మా అన్నాను.

"లేదా అమ్మా" అంది. అంతే. వాదించలేదు. హాలు పుస్తకంలో అప్పారావు చేత పేరూ ఫోను నంబరూ రాయించి, వేలిముద్ర వేసి వెళ్ళిపోయింది.

అక్టోబరు 22

నిజంగా లేదేమో. బైండరు దగ్గరే ఉండిపోయిందేమో. ఇలాంటివి జరుగుతుంటాయి.

అక్టోబరు 23

నిజంగానే లేదేమో.

అక్టోబరు 30

దీపావళి వెళ్ళింది. టపాసుల వెలుగు చుట్టూ రంగు రంగుల వలయాలు కనపడ్డాయి. విల్సన్ డాబా మీద నుంచి "చూడు ఎలీసా, ఎంత పైకి పోయిందో" అంటుంటే అటు ముఖం తిప్పి, అబ్బ అన్నాను. విల్సన్ గుడివాడ స్కూల్లో డ్రిల్లు మాస్టారు, పొద్దున పాసింజరు రైలుకి పోతే సాయంత్రం దాకా రాడు. అదొక్కటి నా అదృష్టం.

దీపావళి వెళ్ళాక ఆపరేషను అనుకున్నాను. క్రిస్మసు వెళ్ళాక.

నవంబరు 6

చాలామంది వస్తున్నారు. కొందరికి దొరికినవి ఇస్తున్నాను. కొందరికి "కంప్యూటరు చూడండి" అంటున్నాను. కొందరికి

నవంబరు 11

సాయిదుర్గ వచ్చింది. పెడనలో అద్దకం వాళ్ళ అమ్మాయి, నాన్న కాంతారావు గారు కలంకారీ అచ్చులు అద్దే మనిషి. ఆ పని మీదే యూనివర్సిటీలో పరిశోధన చేస్తోంది. రెండేళ్ళ నుంచి వస్తోంది, నాకు పిల్లలాగే. అద్దకం నమూనాల సంపుటం కావాలంది. కిందటి ఏడాది ఒకసారి తిరగేసిందట, ఇప్పుడు రంగుల సంగతి వివరంగా రాసుకోవాలట.

బైండింగులో ఉంది, వారం తర్వాత రా అన్నాను. "అన్నీ వచ్చేశాయన్నారు కదండీ మేడమ్" అంది. కొన్ని రాలేదు అన్నాను. నా నోట్లోంచి ఎంత సాఫీగా వచ్చేస్తోంది.

నవంబరు 17

మళ్ళీ వచ్చింది. పొద్దున హాలు తెరవకముందు ఆ విభాగమంతా వెతికాను. గుడ్డముక్కలున్న సంపుటం కదా, ఉబ్బుగా ఉంటుందని ఆశ. ఒక్కటీ ఉబ్బుగా లేదు. వాయుగుండం పట్టి నాలుగు రోజులుగా ఎండ లేదు, దీపం కింద బంగారు అక్షరాలు మెరుపు తప్ప మరేమీ కావడం లేదు.

"లేదమ్మా. బైండరు దగ్గర పోయినట్టుంది."

సాయిదుర్గ నోటు పుస్తకం మూసింది. "అయితే చెన్నై వెళ్ళాలండి మేడమ్. అక్కడ ఒక ప్రతి ఉండొచ్చని గైడు గారు అన్నారు. నాన్నకి ఒంట్లో బాగోలేదు, అయినా వెళ్తాను. డిసెంబరు లోపల చాప్టరు ఇవ్వకపోతే ఏడాది పోతుంది" అంది. నా మీద కోపం కూడా లేదు ఆ పిల్లకి.

నవంబరు 19

ఇవాళ జరిగింది ఉన్నదున్నట్టు రాస్తాను.

సాయిదుర్గ నిన్న సాయంత్రం ఫోనులో తన చాప్టరులోంచి రెండు వాక్యాలు చదివి వినిపించింది. "ఈ సంపుటం ప్రతి స్థానికంగా మిగలలేదు" అని రాసిందట. కింద నా పేరు వేసిందట, వెతికి నిర్ధారించినవారు అని. "మీ పేరుంటే ఎవరూ అనుమానించరండి మేడమ్, అందుకని" అంది. పొద్దున పదకొండింటి బస్సుకి బయలుదేరుతున్నానంది, దారిలో ఓసారి లైబ్రరీకి వచ్చి కనపడి పోతానంది.

రాత్రంతా ఆ వాక్యమే. అది అచ్చవుతుంది. తర్వాత వచ్చేవాళ్ళు అది చదివి, బందరులో లేదట అనుకుని ఇటు రావడమే మానేస్తారు. నేను పోయాక కూడా ఆ వాక్యం ఉంటుంది. ఈశ్వరరావు గారు చెప్పింది ఇదే. ఇంకెక్కడా వెతకరు.

సాయిదుర్గ సంచీతో వచ్చింది. హాల్లో జనం ఉన్నారు. నాగేంద్రబాబు గారు కూడా అక్కడే ఉన్నారు. నేను లేచి కొత్త విభాగం దగ్గరికి వెళ్ళాను. ఈసారి దాచుకోలేదు. ముఖం ఆన్చి చూశాను, అక్షరాలు కదిలిపోతున్నాయి. రెండు చేతులూ పెట్టి వరసంతా తడిమాను. ఎవరో మాట్లాడటం ఆపేశారు. తర్వాత ఇంకెవరో. హాలంతా ఆగిపోయినట్టు తెలుస్తోంది. ఆ రోజు గుళ్ళో నాన్నకి ఇది తెలియలేదు. నాకు తెలిసింది. అయినా తడుముతూనే ఉన్నాను.

"అప్పారావూ, అద్దకం గుడ్డముక్కల సంపుటం ఎక్కడుందో కాస్త చూడవయ్యా."

అప్పారావు దగ్గరికి వచ్చాడు. వరస వైపు వంగాడు. తర్వాత మెల్లగా అన్నాడు.

"మీ చెయ్యి దాని మీదే ఉందమ్మా."

ఎక్కడా పోలేదు. నంబరు ప్రకారం ఎక్కడుండాలో అక్కడే ఉంది. కళ్ళున్న ఎవరైనా అడుగు పెట్టగానే తీసేవాళ్ళు. గుడ్డముక్కలకి చోటు కోసం బైండరు వీపు దగ్గర పేజీల మధ్యలో కాగితం పట్టీలు వేసి ఎత్తు సమం చేసి కుట్టాడట, అందుకని పొట్ట లేదు. వాడి పని వాడు శ్రద్ధగా చేశాడు.

పరిశోధకుల కోసం అమర్చానని ఇన్నేళ్ళూ చెప్పుకున్నాను. నా కోసం అమర్చుకున్నాను. మొదట్లో కాదేమో. మొదట్లో నిజంగా వాళ్ళకోసమే. ఎప్పటి నుంచి నాకోసమైందో నాకే తెలియదు.

"నాకు కళ్ళు కనపడటం లేదండీ" అన్నాను. ఎవరితో అన్నానో ముఖం దొరకలేదు. నాగేంద్రబాబు గారే కుర్చీ తెచ్చి వేశారు. సాయిదుర్గ నా పక్కన నేలమీద కూర్చుని సంపుటం తెరిచింది, నా చెయ్యి తీసుకుని ఒక గుడ్డముక్క మీద పెట్టింది. "ఇదేనండి మేడమ్" అంది. సంచీ పక్కన పెట్టింది. "బస్సు ఎక్కట్లేదు" అంది.

నాగేంద్రబాబు గారు తనూ ఎదురుగా కూర్చున్నారు. తిడతారనుకున్నాను. జాలిపడతారనుకున్నాను. రెండూ చేయలేదు.

"ఇంకా ఎవరెవరికి లేదని చెప్పారండీ?" అని అడిగారు.

నవంబరు 20

విల్సన్‌కి చెప్పాను. పొద్దున పాసింజరుకి వెళ్ళలేదు. చుక్కల సీసా ఇమ్మన్నాడు. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి అట్టపెట్టె మీది సన్న అక్షరాలు చదివాడు. మూత తీసిన నెలలోపు వాడేసి పారేయాలట. నేను ఆగస్టు సీసానే వాడుతున్నాను.

"మూడు నెలలు నీళ్ళు పోసుకున్నావు కంట్లో" అన్నాడు. తర్వాత వంటింట్లోకి వెళ్ళాడు. గిన్నెలు గట్టిగట్టిగా కడిగిన చప్పుడు చాలాసేపు వినపడింది.

డాక్టరమ్మకి ఫోను చేశాడు. మంగళవారం రమ్మంది. ఆగస్టులో ఉన్నంత ఇప్పుడు మిగిలి ఉండకపోవచ్చు, చూశాక చెప్తానంది.

భయంగానే ఉంది. ఎవరికీ చెప్పనప్పుడూ ఇంతే ఉంది.

నవంబరు 24

ఆపరేషను ముందు ఇవాళే నాకు లైబ్రరీలో ఆఖరు రోజు. తర్వాత ఈ బల్ల నాది అవుతుందో కాదో నాగేంద్రబాబు గారు చెప్పలేదు, నేను అడగలేదు.

ఆయన అడిగిన ప్రశ్న మాత్రం ఐదు రోజులుగా నెమరేశాను. జ్ఞాపకం ఉన్నవాళ్ళు కొందరు. ముఖాలు గుర్తు లేవు, గొంతులు గుర్తున్నాయి. అప్పారావు హాలు పుస్తకంలోంచి ఫోను నంబర్లు చదివాడు, నేను ఒక్కొక్కరికీ చేశాను. అక్టోబరులో మళ్ళీ వస్తే నేను లేదన్న గుడివాడ మాస్టారు నవ్వేసి, పర్లేదండీ, వేరేచోట చూసుకున్నానన్నారు. ఒకబ్బాయి పరిశోధనే మానేశాడట, మీ వల్ల కాదులెండి అన్నాడు. అంత తొందరగా అన్నాడంటే నమ్మాలనిపించలేదు. ఇద్దరు ఎత్తలేదు. గుర్తురానివాళ్ళు ఎంతమందో. వాళ్ళకి నేను ఏమీ చేయలేను. ఇది ఎప్పటికీ పోదు.

వీరమ్మకి ఆఖర్న చేశాను. ధైర్యం చాలక.

అప్పారావు చేత ముందే ఉప్పెన సంపుటం తీయించి పేజీ పేజీ చూసి చెప్పమన్నాను. క్యాంపు ఫొటోలు చాలా ఉన్నాయన్నాడు. ఒకదాంట్లో మాత్రం ఒక మనిషి చంకలో ఆడపిల్లని ఎత్తుకుని నిలబడింది, రెండో చేతికి వెదురుబద్దలతో కట్టు కట్టి ఉందన్నాడు. ఆ పేజీలో కాగితం పెట్టించి, సంపుటం నా ముందు బల్లమీద పెట్టించుకున్నాను.

"ఎవరండీ" అంది వీరమ్మ.

"బందరు లైబ్రరీ నుంచమ్మా. మీరు ఫొటో కోసం వచ్చారు కదా."

"ఆ. లేదన్నారుగా అమ్మా." ఏ నిష్ఠూరమూ లేదు ఆ గొంతులో. "మీరు చదువుకున్నోళ్ళు, చూసే చెప్పుంటారని ఊరుకున్నాను. ఆడే పొరబడ్డాడని మా మేనల్లుణ్ణి తిట్టాను కూడా. మళ్ళీ ఎవర్నీ అడగలా."

"నేను చూడలేదమ్మా. నాకు చూపు లేదు. చూడకుండానే లేదని చెప్పాను."

అటునుంచి కోడి ఒకటి అరుస్తోంది ఎక్కడో. తిట్టమని మనసులో అనుకున్నాను. తిడితే బాగుండును.

"చెయ్యి విరిగిన మనిషి ఉందమ్మా ఒకావిడ. బద్దలు కట్టి ఉన్నాయట. చంకలో పిల్ల ఉంది" అన్నాను.

"మా అమ్మకి ఆ గాలికి తలుపు మీదపడి చెయ్యి విరిగింది" అంది. మెల్లగా అంది, తనలో తను చెప్పుకున్నట్టు. "ఆ పిల్ల నేనే." మళ్ళీ ఎవరైనా లేదంటారేమోనని భయం ఆ గొంతులో, నాకు బాగా తెలిసిన భయం.

"అయితే ఉందా అమ్మా? ఈసారి రమ్మంటారా?"

"రండి. నేనుండను, అప్పారావని ఉంటాడు, ఆయన చూపిస్తాడు."

"నిజంగా ఉందిగా?"

"ఉందమ్మా" అన్నాను. "నా చెయ్యి దాని మీదే ఉంది."